హోంవర్క్ పూర్తవుతోంది, చదువు రావట్లేదు: బస్తీ పిల్లల సాయంత్రం కేంద్రాన్ని ఎక్కడ సరిచేయాలి

మీరు చెప్పిన వివరాలు ఇవీ: బస్తీలో ఒక హాలు, బడి వదిలాక రోజుకు 2 గంటలు, వారానికి 6 రోజులు. రిజిస్టర్‌లో 40 పేర్లు, 6 నుంచి 13 ఏళ్ల పిల్లలు, ముగ్గురు వాలంటీర్లు. రోజూ హోంవర్క్ చేయిస్తున్నారు, శనివారాలు బొమ్మలు, ఆటలు. 6 నెలలైనా మార్కుల్లో మార్పు లేదు. మూడో నెల నుంచి సగం మంది రావడం మానేశారు. ఇంకేం చేర్చాలని అడిగారు.

చేర్చే సంగతి తర్వాత. ముందు రెండు పనులు తగ్గించండి. హోంవర్క్‌ని కేంద్రం మధ్యలోంచి తీసి చివరి 20 నిమిషాలకు నెట్టేయండి. ఆరు రోజుల్ని నాలుగు చేయండి. ముగ్గురు మనుషులతో ఆరు రోజులు నడిపితే నాలుగో వారానికి ఒకరు సెలవు పెడతారు, రెండు బ్యాచ్‌లు కలిసిపోతాయి, ఆ రోజు చదువు ఉండదు. నాలుగు రోజులు సరిగ్గా జరిగితే చాలు.

హోంవర్క్ దగ్గర అసలు చిక్కేమిటో చూడాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఐదో తరగతి పిల్లాడి నోట్సు తెరిచి, అతను నిన్న ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన జవాబులో మూడో పదం మీద వేలు పెట్టి చదవమనండి. చాలామంది మొదటి పదం నుంచి గబగబా అప్పజెప్పడం మొదలుపెడతారు. 'అది కాదు, ఇదొక్కటే చదువు' అంటే ఆగిపోతారు. అంటే ఆ వాక్యాన్ని అతను రాయలేదు, గీశాడు. హోంవర్క్ తరగతిని బట్టి ఇస్తారు, పిల్లవాణ్ణి బట్టి కాదు. పదాలు కూడబలుక్కోలేని పిల్లాడికి 'ఏడో పాఠం ప్రశ్నలకు జవాబులు రాయండి' అని వస్తుంది. వాలంటీరు పుస్తకంలో జవాబున్న లైను చూపిస్తారు, అతను దించుతాడు. టీచరుకు నోట్సు నిండింది, అమ్మానాన్నలకు పిల్లాడు కుదురుగా కూర్చున్నాడు, మీకు పని అయిపోయింది. ముగ్గురూ తృప్తిపడటానికి కారణం ఉంది కాబట్టే ఇది ఏళ్ల తరబడి అలాగే సాగుతుంది.

ఇది ఒక్క మీ కేంద్రంలో జరిగేది కాదు. అమెరికాలో 'ట్వంటీ ఫస్ట్ సెంచరీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్' పేరుతో కేంద్ర ప్రభుత్వ నిధులతో బడి తర్వాతి కేంద్రాలు పెద్దఎత్తున నడుస్తాయి. వాటి మీద జరిగిన జాతీయ అధ్యయనం తుది నివేదిక 2005లో వచ్చింది. ప్రాథమిక తరగతుల పిల్లలు బడి తర్వాత తమకు భయం తగ్గిందన్నారు కానీ చదివే పరీక్షల్లో స్కోర్లు పెరగలేదు. ఆ కేంద్రాల్లో చదువు పేరుతో ఎక్కువగా జరిగింది హోంవర్క్ చేయించడమే. పిల్లలు క్షేమంగా ఉండటం చిన్న విషయమేమీ కాదు, దానికోసమే కేంద్రం నడిపినా తప్పులేదు. చదువు కూడా రావాలంటే మాత్రం దానికి వేరే గంట కేటాయించాలి.

ఆ గంటలో ఏం చేయాలో తెలియాలంటే ముందు ప్రతి పిల్లాడూ ఏ మెట్టు మీద ఉన్నాడో తెలియాలి. దీనికి కొత్త పరీక్ష తయారు చేసుకోనక్కర్లేదు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే 'అసర్' సర్వేల్లో వాడే ఒక్క పేజీ పద్ధతి చాలు. చదవడంలో మెట్లు: అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా (ఒకటో తరగతి స్థాయి), చిన్న కథ (రెండో తరగతి స్థాయి). లెక్కల్లో: 1 నుంచి 9 అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం.

పరీక్షని పేరా దగ్గర మొదలుపెట్టండి, అక్షరాల దగ్గర కాదు. పేరా చదివితే కథ ఇవ్వండి, చదవలేకపోతే పదాలకు దిగండి, అదీ రాకపోతే అక్షరాలకు. కింది నుంచి మొదలుపెడితే వచ్చిన పిల్లాడికి విసుగు, మీకు కాలయాపన. 5 పదాల్లో 4 సరిగ్గా చదివితే పదాల మెట్టు దాటినట్టు. అక్షరాలకూ అదే లెక్క. పేరాలో మూడు తప్పుల వరకు ఫర్వాలేదు గానీ, విడివిడి పదాల్లా కాకుండా వాక్యంలా చదవాలి. తీసివేతలో రెండిచ్చి రెండూ సరిగ్గా రావాలి.

మనిషికి 8 నిమిషాల చొప్పున 40 మందికి 320 నిమిషాలు. ఇద్దరు పంచుకుంటే రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. మూడో మనిషి మిగతా పిల్లల్ని హాలు అవతల ఆడించాలి. ఒకరు చదువుతుంటే పక్కవాళ్లు వినకూడదు. దానికి రెండు కారణాలు: విన్న పేరాని తర్వాతి పిల్లాడు అప్పజెప్పేస్తాడు, తడబడ్డ పిల్లాడు రేపు రాడు. ఒకేలాంటి పేజీలు కనీసం 4 వేర్వేరు పాఠాలతో తయారుగా పెట్టుకోండి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలు పట్టణాల్లో ఎక్కువ. వాళ్లకి రెండు భాషల్లోనూ పరీక్ష పెట్టండి. రెండింట్లోనూ చదవలేకపోతే అతను మాట్లాడే భాషలో చదవడం ముందు నేర్పండి. అర్థం తెలిసిన పదాన్ని కూడబలుక్కుంటే ఎక్కడ తప్పిందో వాడి చెవే చెబుతుంది, తెలియని పదం విషయంలో ఆ సాయం దొరకదు.

ఫలితాలు వచ్చాక తరగతుల్ని మర్చిపోయి మెట్ల వారీగా మూడు బృందాలు చేయండి: అక్షరాలు–గుణింతాల దగ్గరున్నవాళ్లు, పదాల దగ్గరున్నవాళ్లు, పేరా దాటినవాళ్లు. బృందానికి 11 నుంచి 15 మంది వస్తారు. ఇక్కడ దాదాపు ప్రతి కేంద్రమూ చేసే పొరపాటు ఒకటుంది: అక్షరాల బృందాన్ని కొత్తగా వచ్చిన వాలంటీరుకు అప్పగిస్తారు, 'అక్షరాలేగా' అని. మీ ముగ్గురిలో అందరికంటే బాగా చెప్పగలిగినవాళ్లని అక్కడ పెట్టండి. పేరా దాటిన బృందం మంచి పుస్తకాలుంటే సగం తానే నడుస్తుంది.

పన్నెండేళ్ల పిల్లాడు పదాల బృందంలో ఎనిమిదేళ్ల వాళ్ల పక్కన కూర్చోవాల్సి వస్తే నాలుగో రోజు నుంచి కనిపించడు. అలాంటి పిల్లలు నలుగురో ఐదుగురో ఉంటారు. వాళ్లకి అరగంట ముందో వెనకో వేరే బల్ల దగ్గర, వాళ్ల వయసుకు తగ్గ పాఠంతో చెప్పండి. 'కుందేలు–తాబేలు' ఇవ్వకండి. ఆటల వార్తలు, సైకిల్ రిపేరు, బస్సు బోర్డులు, ఫోన్‌లో వచ్చే మెసేజ్‌లు ఇవ్వండి. పెద్ద పిల్లల్ని చిన్నవాళ్లకి చెప్పమని కూర్చోబెట్టడం అప్పుడప్పుడైతే మంచిదే, రోజూ అయితే వాళ్ల చదువు మీ సిబ్బంది కొరతకి బలి.

నాలుగు రోజుల్లో ఒక్కో రోజు ఇలా పంచుకోండి. వచ్చాక చేతులు కడుక్కోవడం, మంచినీళ్లు, ఏదైనా చిన్న తిండి, తలల లెక్క: 15 నిమిషాలు. బృందాల వారీగా చదవడం: 40 నిమిషాలు. తర్వాత 30 నిమిషాలు, రెండు రోజులు లెక్కలు, రెండు రోజులు కళలైనా చదరంగమైనా ప్రయోగాలైనా. పెద్దవాళ్లు ఒకరు అందరికీ కథ చదివి వినిపించడం 10 నిమిషాలు. హోంవర్క్ 20. ఇంటికి అప్పగించడం 5. మొత్తం 120. తిండి మొదట్లోనే పెట్టాలి. చివర్లో పెడితే చివరి పది నిమిషాలకే వచ్చేవాళ్లు తయారవుతారు, అదీకాక మధ్యాహ్నం ఎప్పుడో తిన్న పిల్లాడికి 40 నిమిషాలు బుర్ర పనిచేయదు. ఏ పిల్లాడికి ఏ తిండి పడదో చేరేటప్పుడే అడిగి రాసుకోండి.

ఆ 40 నిమిషాలు పదాల బృందంతో ఎలా గడవాలో విడమరిచి చెబుతాను, ఎందుకంటే కేంద్రం గెలిచేదీ ఓడేదీ అక్కడే. మొదటి 5 నిమిషాలు పుస్తకం లేకుండా నోటితోనే: ఒక మాట చెప్పి ముక్కలు చేసి చప్పట్లు కొట్టించడం. 10 నిమిషాలు గుణింతాల పట్టిక, వరసలో కాకుండా అడ్డదిడ్డంగా చూపిస్తూ. వరసలో చదివిస్తే పాటలా వచ్చేస్తుంది, 'కై' ఒక్కటీ చూపిస్తే 'క కా కి కీ' అని మొదటి నుంచి వేళ్లు లెక్కపెట్టుకుంటూ వస్తారు. తర్వాత 10 నిమిషాలు అట్టముక్కల మీద అక్షరాలతో పదాలు కట్టడం. 10 నిమిషాలు వేలు పెట్టి పాఠం చదవడం. చివరి 5 నిమిషాలు సొంతంగా ఒక్క వాక్యం రాయడం. దించి రాయడం ఎక్కడా లేదు, గమనించండి.

తెలుగులో పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఒత్తుల దగ్గర. 'పుస్తకం' ఇస్తే 'పుసకం' అంటారు. కన్ను పై వరసలోనే పరుగెడుతుంది, కిందున్న ఒత్తు దానికి కనపడదు. 'ఒత్తు చూసి చదువు' అని పదిసార్లు గద్దించినా లాభం లేదు. ముందు ఆ మాటని నోటితో విరిపించండి: పుస్–త–కం. తర్వాత పలక మీద 'పుస్' అని రాసి, పక్కన ఖాళీ వదిలి 'తకం' అని రాసి చదివించండి. ఆ తర్వాత వాడి కళ్లముందే 'త'ని కిందికి దించి ఒత్తుగా రాయండి. శబ్దంలో ఉన్నదే కిందికి వెళ్లిందని ఒకసారి చూశాక చాలామందికి ముడి వీడుతుంది.

ఒత్తుల వరస కూడా ముఖ్యమే. చాలా అక్షరాలకు ఒత్తు అంటే తలకట్టు తీసేసిన అదే అక్షరం. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని ఏమాత్రం పోలవు. కాబట్టి అక్క, బుగ్గ, గడ్డం, చెప్పు, పువ్వుతో మొదలుపెట్టండి. అవి వారంలో పట్టుబడతాయి. తర్వాత అత్త, అన్న, అమ్మ, పిల్ల. ఒక అక్షరం కింద వేరే అక్షరం ఒత్తు వచ్చే మాటలు (పుస్తకం, చిత్రం, రాత్రి) ఆ తర్వాతే. 'అమ్మ' తేలిక మాట అనుకుని మొదటిరోజే పెడతారు చాలామంది. పిల్లాడు దాన్ని చదవడు, బొమ్మలా గుర్తుపడతాడు, అంతే.

లెక్కల్లో ఇలాంటి ముడే తీసివేతలో ఉంది. 52 − 27 ఇస్తే సగం బృందం 35 అని రాస్తుంది. 7లోంచి 2 తీసేశారు, 5లోంచి 2 తీసేశారు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని వాళ్లు సొంతంగా కనిపెట్టుకున్న సూత్రం అది. చిన్న లెక్కల్లో ఇన్నాళ్లూ పనిచేసింది కాబట్టి గట్టిగా నమ్ముతారు. దీనికి పుల్లలు, రబ్బరు బ్యాండ్లు కావాలి. ఇద్దరికి ఒక సెట్టు: పదేసి పుల్లల కట్టలు 9, విడి పుల్లలు 10, మొత్తం వంద. 12 మంది బృందానికి 6 సెట్లు, 600 పుల్లలు. 52 అంటే 5 కట్టలు, 2 విడి పుల్లలు. ఇందులోంచి 7 విడి పుల్లలు ఇవ్వమనండి. లేవంటారు. ఏం చేయాలో మీరు చెప్పొద్దు, ఆగండి. ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. ఇప్పుడు 4 కట్టలు, 12 విడి పుల్లలు. 7 పోతే 5, రెండు కట్టలు పోతే 2 కట్టలు. జవాబు 25.

కట్టని పిల్లాడే తన చేత్తో విప్పాలి. జిగురుతో అంటించిన కట్టలు, ప్లాస్టిక్ పది కడ్డీలు చూడ్డానికి బాగుంటాయి గానీ అవి విడిపోవు. విడిపోని పది వాడి దృష్టిలో ఇంకో రకం పుల్ల. మూడు నాలుగు రోజులు పుల్లలతో, తర్వాత నిలువు గీత పదికి, చుక్క ఒకటికి అని బొమ్మ గీసి, ఆ తర్వాతే అంకెలు. పుల్లల నుంచి ఒకేసారి అంకెలకు దూకితే 35 మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ఇలా మెట్టు చూసి చెప్పడం పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉంది. ముంబయి, వడోదర బడుల్లో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ నడిపిన 'బాలసఖి' కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తేర్ డఫ్లో, లీ లిండెన్ పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. వెనకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని బడివేళల్లోనే 15–20 మంది చొప్పున పక్కకి తీసుకెళ్లి, అదే ప్రాంతానికి చెందిన యువతులు రోజుకు 2 గంటలు ప్రాథమిక నైపుణ్యాలే చెప్పారు. రెండో ఏడాదికి స్కోర్లు ప్రామాణిక విచలనంలో 0.28 పెరిగాయి. అంటే 100 మందిలో 50వ స్థానంలో ఉన్న పిల్లాడు సుమారు 61కి చేరినట్టు. లాభం ఎక్కువగా అట్టడుగున ఉన్న పిల్లలకే దక్కింది. వాళ్లకి చెప్పింది బీఈడీలు చేసినవాళ్లు కాదన్నది మీలాంటి కేంద్రాలకు ముఖ్యమైన సంగతి. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం 0.10 దగ్గరికి జారింది. దీని మాట చివర్లో చెబుతాను.

ఇక హోంవర్క్. 20 నిమిషాలు, అంతే, గడియారం పెట్టండి. రానిదాన్ని దించి రాయించొద్దు. 'ఈ ప్రశ్న ప్రయత్నించాడు, పాఠం చదవలేకపోయాడు' అని నోట్సులో ఒక లైను రాసి పంపండి. మొదట్లో టీచర్లకు ఇది నచ్చదు. నెలకోసారి బడికి వెళ్లి, పది నిమిషాలు కూర్చుని మీ మెట్ల పట్టిక చూపించండి. మార్కులు పెంచుతామని మాటివ్వకండి. 'పదివారాల్లో పేరా చదివిస్తాం' అనండి. అది ఇద్దరూ చూడగలిగేది. తల్లిదండ్రులకూ మొదటి వారమే ఈ మాట చెప్పాలి, లేకపోతే 'హోంవర్క్ కూడా చేయించట్లేదు' అని డబ్బు కట్టి ట్యూషన్‌కి మార్చేస్తారు.

బొమ్మలు, సంగీతం, చదరంగం, ప్రయోగాల విషయంలో మీ శనివారం పద్ధతి మార్చాలి. ఒక వారం ఓరిగామి, ఒక వారం మ్యాజిక్ షో, ఇంకో వారం ఎవరో పెద్దమనిషి పుట్టినరోజుకి కేకు. ఫొటోలు బాగా వస్తాయి, పిల్లలకి ఏదీ చేతికి రాదు. పిల్లలకు వ్యక్తిగత, సామాజిక నైపుణ్యాలు నేర్పే బడి తర్వాతి కార్యక్రమాల అధ్యయనాలు కలిపి చూసి జోసెఫ్ డర్లాక్, రోజర్ వైస్‌బర్గ్ బృందం 2010లో చెప్పింది కూడా ఇదే. మెట్టుమెట్టుగా సాగడం, పిల్లలు చేతులతో చేయడం, దానికంటూ సమయం ఉండటం, ఏం నేర్పుతున్నామో స్పష్టంగా అనుకోవడం అనే నాలుగు లక్షణాలూ ఉన్న కార్యక్రమాల్లోనే పిల్లల్లో మార్పు కనిపించింది. మిగతావాటిలో లేదు. కాబట్టి ఒక్కటే ఎంచుకుని 8 వారాలు, అదే మనిషితో, వారానికి రెండుసార్లు నడపండి. ఎనిమిదో వారం ఇంటివాళ్లని పిలిచి చూపించండి.

ఉదాహరణకి కరెంటు ప్రయోగాలు. వరస ఇలా: బల్బు వెలిగించడం, స్విచ్ తయారు చేయడం, దేంట్లోంచి కరెంటు పోతుందో దేంట్లోంచి పోదో చూడటం, బల్బులు వరసగా కలపడం, పక్కపక్కన కలపడం, రెండు వారాలు సొంత వస్తువు, చివర ప్రదర్శన. ఇద్దరికి ఒక సెట్టు ఉండాలి. నలుగురికి ఒకటైతే ఇద్దరు చేస్తారు, ఇద్దరు చూస్తారు, ఆ చూసేవాళ్లు తరచూ ఆడపిల్లలే. ఎల్‌ఈడీ కొంటే ఒక్క 1.5 వోల్టుల సెల్‌తో వెలగదని గుర్తుంచుకోండి. మొదటిరోజే క్లాసు చప్పబడేది దీనివల్లే. రెండు సెల్‌లు వరసగా, మధ్యలో 100 ఓంల రెసిస్టర్, ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు, ఎరుపు రంగుదైతే తేలిగ్గా వెలుగుతుంది. గోడ సాకెట్ జోలికి వెళ్లొద్దు. నాణెంలాంటి బటన్ సెల్‌లు హాల్లోకి రానివ్వొద్దు, వెంట వచ్చిన చంటిపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

చదరంగమైతే మొదటిరోజు అన్ని పావులూ పరచకండి. బంట్లతో మాత్రమే ఆట: ఎవరి బంటు ముందు అవతలి అంచు చేరితే వాళ్లు గెలిచినట్టు. రోజుకో పావు చేర్చుకుంటూ పోతే మూడో వారానికి పూర్తి ఆట ఆడతారు. గ్రంథాలయం గురించి ఒక్కమాట: పుస్తకాలు ఇంటికి ఇవ్వండి. కొన్ని పోతాయి, చిరుగుతాయి, పోనివ్వండి. బీరువాలో భద్రంగా ఉన్న పుస్తకం ఎవరికీ చదువు చెప్పదు.

ఇప్పుడు హాజరు. 'రోజుకు సగటున 24 మంది' అన్న లెక్క పక్కన పెట్టండి, అది ఏమీ చెప్పదు. రోజూ అదే 24 మందా, రోజుకో 24 మందా? పిల్లాడి పేరు మీద లెక్క చూడండి. నెలకి 16 రోజుల్లో 14 రోజులు వచ్చిన పిల్లకి 9 గంటల 20 నిమిషాలు చదువు దొరికింది. 6 రోజులు వచ్చిన పిల్లకి 4 గంటలు. ఇద్దర్నీ ఒకే ఫలితం అడగలేం. వరసగా 2 రోజులు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్, 3 రోజులైతే ఇంటికి వెళ్లడం. ఈ పనికి ఒక మనిషి పేరు రాసుండాలి. 'అందరం చూసుకుందాం' అంటే ఎవరూ చూడరు.

ఇంటికి వెళితే కారణాలు తెలుస్తాయి. అవి ఎక్కువగా చదువుకు సంబంధం లేనివే. పదేళ్ల అమ్మాయి చంటి తమ్ముణ్ణి చూసుకోవాలి. దానికి హాల్లో ఒక మూల చాప, నాలుగు బొమ్మలు, చూసుకోవడానికి ఒక పెద్దావిడ ఉంటే ఆ అమ్మాయి రేపటి నుంచి వస్తుంది. చీకటి పడ్డాక ఒంటరిగా పంపరు. వేళ అరగంట ముందుకి జరపండి, లేదా వీధుల వారీగా గుంపులుగా ఇంటికి దింపండి. పన్నెండు దాటిన అబ్బాయి పనికి వెళ్తున్నాడు. వాడికి నాలుగు రోజులూ కుదరవు, రెండు రోజుల మాట అడిగి తీసుకోండి. ఇల్లు మారిపోయారు. అద్దె ఇళ్ల బస్తీల్లో ఇది మామూలే, ఆ ఖాళీలో వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లల్ని నెల మొదట్లో మాత్రమే చేర్చుకోండి. రోజుకొకరు చేరుతుంటే బృందం ఎప్పటికీ కుదురుకోదు. ముగ్గురు మనుషులున్నంతవరకు 41వ పేరు రాయొద్దు, ఎవరు సిఫారసు చేసినా సరే.

మనుషుల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దూరం నుంచి వారానికోసారి వచ్చే పది మంది వాలంటీర్ల కంటే, అదే బస్తీలో ఉంటూ జీతం తీసుకుని రోజూ వచ్చే ఒక యువతి ఎక్కువ పనికొస్తుంది. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు, వాన పడ్డా వస్తుంది. డబ్బు వస్తే మొదట దానికే ఖర్చుపెట్టండి, ట్యాబ్‌లకు కాదు. కంప్యూటర్ వద్దని కాదు. వడోదరలో వారానికి 2 గంటల కంప్యూటర్ లెక్కల ఆటలతో లెక్కల స్కోరు అదే కొలతలో 0.47 పెరిగింది, ఆ సంగతీ పైన చెప్పిన బాలసఖి అధ్యయనంలోదే. కానీ అక్కడ పక్కన చూసుకునే మనిషి, వేళాపాళా ఉన్నాయి. అవి లేకపోతే ట్యాబ్‌లు మూడో నెలకి వీడియోలు చూసే పెట్టెలు.

వాలంటీర్లని తీసుకునేటప్పుడు కనీసం ఒక టర్మ్ పూర్తిగా ఉంటామని రాయించుకోండి. పిల్లలతో మొదలుపెట్టేముందు రెండు రోజుల శిక్షణ, వారానికి ఒక గంట సమావేశం పెట్టండి. ఆ గంటలో కబుర్లొద్దు, ముగ్గురు పిల్లల పేర్లు తీసుకుని వాళ్లెక్కడ ఆగారో మాట్లాడండి.

భద్రత విషయంలో బేరాల్లేవు. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎంత నమ్మకస్తుడైనా. ఎవరు తీసుకెళ్లొచ్చో ఇంటివాళ్లు రాసిచ్చిన పేర్ల జాబితా తలుపు దగ్గర ఉండాలి, జాబితాలో లేని మేనమామ వస్తే ఫోన్ చేసి అడిగాకే పంపాలి. తలల లెక్క మూడుసార్లు: వచ్చినప్పుడు, మధ్యలో, వెళ్లేటప్పుడు. ఫొటోలకు ఇంటివాళ్ల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. పిల్ల ఏదైనా చెడు విషయం చెబితే ఎవరికి, ఎన్ని గంటల్లో తెలియజేయాలో ముందే కాగితం మీద ఉండాలి. ఆ రోజు కూర్చుని ఆలోచించుకునే విషయం కాదది.

పది వారాలకి, అంటే 40 రోజుల చదువు తర్వాత, మళ్లీ అదే పరీక్ష, వేరే పాఠంతో. బృందాన్ని నడిపిన మనిషి తన పిల్లల్ని తానే పరీక్షించకూడదు. తెలియకుండానే పెదవి కదిపి అందించేస్తారు. 12 మందిలో నలుగురు కూడా ఒక మెట్టు ఎక్కలేదంటే వెతకాల్సిన వరస ఇది: ముందు ఆ పిల్లల హాజరు, తర్వాత ఆ 40 నిమిషాల్లో నిజంగా చదువుకు ఎన్ని మిగిలాయి (గడియారంతో పక్కన కూర్చుని చూడండి, తరచూ పాతికే ఉంటాయి), అవి రెండూ సరిగ్గా ఉంటేనే చెప్పే పద్ధతి. చాలామంది ఈ వరసని తలకిందులు చేసి మొదటే కొత్త పుస్తకాలు కొంటారు. మెట్టెక్కిన పిల్లని పది రోజులు కూడా ఆగకుండా బృందం మార్చండి, పరీక్ష దాకా ఆపొద్దు.

పేరా, కథ దాటిన పిల్లల్ని 'అయిపోయింది' అని పంపేస్తే ఏమవుతుందో బాలసఖిలో చూసిన ఆ 0.10 చెబుతోంది. ఇంట్లో చదవడానికి ఏమీ లేకపోతే వచ్చిన చదువు జారిపోతుంది. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో వేరే పేజీలో రాసుకోండి. వారానికి ఒక రోజు పుస్తకం మార్చుకోవడానికి రమ్మనండి, ఇచ్చిన పుస్తకంలోంచి ఒక పేజీ మీ ముందు చదివించండి. మూడు నెలలకోసారి పరీక్ష పేజీ ఇవ్వండి. జారినట్టు కనిపిస్తే మళ్లీ నాలుగు వారాలు బృందంలో కూర్చోబెట్టండి.